పారామోటార్ దిగేటప్పుడు ప్రతిసారీ మోకాళ్ళ మీద పడుతున్నాడు, ఏం మార్చుకోవాలి?

రాజురా నేల:

అందరికీ నమస్కారం. మాది చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర పల్లె. మా తమ్ముడు పుణె దగ్గర కామ్‌శేత్‌లో పారాగ్లైడింగ్ నేర్చుకుని, ఆ తరువాత పారామోటార్ (వీపున ఇంజిను కట్టుకుని ఎగిరే పారాగ్లైడర్) శిక్షణ కూడా పూర్తి చేశాడు. పరుగెత్తి లేవడం, గాలిలో తిరగడం చక్కగా చేస్తాడు. ఇబ్బంది అంతా దిగేటప్పుడే. దాదాపు ప్రతిసారీ ఎడమ పక్కకు ఒరిగి మోకాళ్ళ మీద పడుతున్నాడు. పోయిన వారం ప్రొపెల్లర్ అంచు చిట్లింది, వెనక ఫ్రేము కూడా వంగింది.

నేను కింద నిలబడి ఫోనులో వీడియో తీస్తాను. ఎన్నిసార్లు చూసినా ఒకే వరస. నేలకు రెండు నిలువుల ఎత్తులో ఉండగా బ్రేకులు, అంటే వింగ్ వెనక అంచును లాగే చేతి పిడులు, లాగుతాడు. వింగ్ (పైనున్న గుడ్డ రెక్క) కిందికి రావడం మాని కాస్త పైకి లేస్తుంది. వెంటనే చేతులు పైకి వదిలేస్తాడు. వింగ్ ముందుకు దూకుతుంది, మనిషి దబ్బున పడతాడు. పడే ముందు ఎడమ చెయ్యి నేల వైపు చాస్తాడు. ట్రిమ్మర్లు (వింగ్ వేగాన్ని సర్దే పట్టీలు) పూర్తిగా వదిలే ఉంటాయి, ఇంజిను తిరుగుతూనే ఉంటుంది.

దిగేది మా సోయాబీన్ చేనులో. కోత అయిపోయింది, రెండెకరాల ఖాళీ ఉంటుంది. ఒక పక్క పత్తి, ఇంకో పక్క బోరుకు వెళ్ళే కరెంటు తీగలు. ఉదయం పనులు ముగించుకుని తొమ్మిది దాటాక ఎగురుతాడు. శిక్షకుడు ఇంత దూరం రాలేరు. మా అమ్మ ఇక చూడలేనంటోంది. తెలిసినవారు చెప్పగలరా?

బల్లార్‌పూర్ గాలివాటం:

ముందు ఆ వీడియోలన్నీ శిక్షకుడికి పంపండి. ఆయన రాలేకపోయినా చూడగలరు. తమ్ముడి ఎగురుడు మొదటి నుంచీ ఎరిగిన కళ్ళు ఆయనవే.

మీరు బాగా గమనించారు. అందులో రెండు తప్పులున్నాయి. ఒకదాని వెనక ఒకటి రావడం వల్ల ఒకే తప్పులా కనిపిస్తున్నాయి. మొదటిది, ఫ్లేర్, అంటే దిగే ముందు బ్రేకులు లాగి వేగం తగ్గించడం, తొందరపడి చేయడం. బ్రేకులు గట్టిగా లాగగానే వింగ్ తన వేగాన్ని ఖర్చుపెట్టి ఎత్తు కొనుక్కుంటుంది. అందుకే పైకి లేస్తుంది. అక్కడితో వేగం అయిపోయింది, నేల మాత్రం ఇంకా దూరంగానే ఉంది. అప్పుడు చేతులు వదిలేస్తే వింగ్ పోయిన వేగం కోసం ముందుకు ఉరుకుతుంది, కింద వేలాడే మనిషి ఊయల బల్లలా ఊగి నేలకు కొట్టుకుంటాడు. అలా లేచినప్పుడు చేతులు ఎక్కడ ఉంటే అక్కడే ఆపాలి. మరీ అవసరమైతే ఒక బెత్తెడు, అదీ నెమ్మదిగా వదలాలి. నేల మళ్ళీ దగ్గరకు వచ్చాక మిగిలిన బ్రేకంతా లాగాలి. పాదాలు కాస్త గట్టిగా తగిలినా నిలబడతాడు.

మామూలుగా అయితే చేతులు పైన ఉంచి పూర్తి వేగంతో రావాలి. రెండు మూడు మీటర్ల ఎత్తులో మొదలుపెట్టి సగం దాకా నిదానంగా లాగితే వింగ్ నేలకు సమాంతరంగా సాగుతుంది. పాదాలు నేలకు మూరెడు ఎత్తులోకి వచ్చాక మిగతాది లాగాలి. మీ తమ్ముడు మొదటి దశలోనే మొత్తం లాగేస్తున్నాడు.

రెండో తప్పు చూపుది. అతను నేలను, అంటే తన కాళ్ళ కిందనే చూస్తున్నాడని పందెం కాస్తాను. కాళ్ళ కింద నేల పరుగెడుతూ కనిపిస్తే ఎవరికైనా బ్రేకు ముందుగా లాగాలనిపిస్తుంది. పడతాననిపించిన క్షణాన చెయ్యి తనంతట తానే నేలకు చాస్తుంది. కానీ ఆ చేతిలో బ్రేకు ఉంది కదా! ఎడమ చెయ్యి కిందికి పోతే ఎడమ బ్రేకు పడుతుంది, వింగ్ ఎడమకు తిరుగుతుంది. మీరు చూస్తున్న ఒరుగుడు ఇదే. చేను అవతలి గట్టు మీద ఒక చెట్టును గుర్తు పెట్టుకుని దాన్నే చూడమనండి. రెండు చేతులూ సమానంగా, ఒంటికి దగ్గరగా ఉండాలి. పడినా సరే, చేతులు జతగానే ఉండాలి.

ట్రిమ్మర్లు వదిలేసి దిగడం వెంటనే మానాలి. అలా ఉంటే వింగ్ వేగంగా వస్తుంది, బ్రేకు స్పందన కూడా మారుతుంది. వింగ్ పుస్తకంలో దిగడానికి ఏ స్థానం చెప్పారో అక్కడికి పైనే తెచ్చుకోవాలి. ఇక ఇంజిను. చేనులోకి చేరడం ఖాయమని తెలిశాక, సుమారు ముప్పై మీటర్ల ఎత్తులో కిల్ స్విచ్ నొక్కి ఆపేయాలి. నేలకు చేరేసరికి ప్రొపెల్లర్ ఆగిపోయి ఉంటుంది. పడినా అది నేలను కోయదు, వింగ్ తాళ్ళను చుట్టుకోదు. ఇంజిను ఆపగానే సీటులోంచి జారి కాళ్ళు కిందికి దించాలి, ఒక పాదం కొంచెం ముందుకు. కూర్చున్నట్టే దిగితే దెబ్బ వెన్నెముకకు తగులుతుంది. విరిగిన ప్రొపెల్లర్ మార్చుకోవచ్చు, వెన్నుపూస మార్చుకోలేము.

మీరు రాసిన వేళ చూసి నాకు ఎక్కువ ఆందోళన కలిగింది. కోత అయిన నల్లరేగడి ఎండకు త్వరగా కాగుతుంది. పక్కనే పత్తి పచ్చగా, చల్లగా ఉంటుంది. ఆ రెంటి హద్దు దగ్గర వేడి గాలి తెరలు తెరలుగా పైకి లేస్తుంది. మీరు చూసిన ఆ పైకి లేవడంలో దాని పాత్ర కూడా ఉండి ఉండవచ్చు. సూర్యోదయం అయ్యాక రెండు గంటల లోపు దిగిపోవాలి. లేదా సాయంత్రం ఎండ వాలాక ఎగరాలి. చంద్రపూర్ వేసవిలో అయితే ఈ నియమం ఇంకా కఠినంగా పాటించాలి.

గడ్చాందూర్ పొగగొట్టం:

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, ఇంజిను దగ్గర తప్ప. ఇంజిను నడుస్తుంటే చివరి క్షణంలో చేనులోకి పశువులు వచ్చినా మళ్ళీ లేచి ఒక చుట్టు తిరిగి రావచ్చు. ఆపేశాక ఆ అవకాశం ఉండదు.

గాలి గురించి కూడా ఒక మాట. మా సిమెంటు కర్మాగారాల పొగ చూసి గాలి దిక్కు తెలుసుకుంటారు కొందరు. అది పై గాలి మాత్రమే. కింద చేనులో వేరే దిక్కుకు వీయవచ్చు, ఉదయం పూట ఇది మామూలే. గట్టున కర్రకు సన్నని గుడ్డ పేలిక కట్టండి. లెక్క చూడండి: వింగ్ వేగం గంటకు 38 కిలోమీటర్లు, గాలి 10 అనుకుందాం. ఎదురుగాలికి దిగితే నేల మీద వేగం 28, వెనకగాలికి దిగితే 48. తగిలే దెబ్బ శక్తి దాదాపు మూడింతలు. ఈ పొరపాటు జరిగిన రోజు ఎంత మంచి ఫ్లేరూ కాపాడదు.

బల్లార్‌పూర్ గాలివాటం:

గడ్చాందూర్ గారూ, చేతులు కుదిరినవారికి మీ మాట సరైనదే. పశువులున్నాయో లేదో ముప్పై మీటర్ల పైనే చూసుకుని, అనుమానం ఉంటే అక్కడి నుంచే తిరిగి లేవాలి. సగం బ్రేకు లాగి ఉన్న మనిషి నేలకు మూడు మీటర్ల ఎత్తులో కంగారుగా థ్రాటిల్ (ఇంజిను వేగం పెంచే మీట) నొక్కితే జరిగేది నేను చూశాను. మోటారు మనిషిని ముందుకు తోస్తుంది, వింగ్ వెనకబడుతుంది. వరుసగా నిలబడి దిగడం అలవాటయ్యే దాకా ఈ అబ్బాయి ఇంజిను ఆపే దిగాలి. ఈ విషయంలో నేను తగ్గను.

గుడ్డ పేలిక సంగతి మాత్రం బంగారం లాంటి మాట. దానితోపాటు, గాలి కరెంటు తీగల వైపుకు వీస్తున్న రోజున ఆ చేనులో దిగడం వద్దు. ఎదురుగాలికి రావాలంటే తీగల మీదుగా రావాలి. పైనుంచి తీగలు కనిపించవు, స్తంభాలను వెతికి వాటి మధ్య తీగ ఉన్నట్టే లెక్కించాలి. చివరి ఇరవై మీటర్లలో మలుపులు అసలే వద్దు.

రాజురా నేల:

తమ్ముడికి చదివి వినిపించాను. చూపు సంగతి నిజమేనన్నాడు, కాళ్ళ కిందే చూస్తున్నాడట. గాలి అసలు లేని ఉదయాల్లో ఎలా దిగాలి అని అడగమన్నాడు. మోటారు బరువు పాతిక కిలోలు దాటుతుంది, పరుగెత్తలేకపోతున్నాడు.

సిరొంచ చెరువు గట్టు:

చీలమండ పైదాకా వచ్చే బూట్లు వేసుకోమనండి. రేగడి నేల ఎండితే పాదం దిగబడేంత పగుళ్ళు పడతాయి. పరుగెత్తవలసిన జాగాను ముందు రోజే నడిచి చూసుకోవాలి. పత్తి మోళ్ళు ఉన్న చేను అయితే వద్దే వద్దు.

బల్లార్‌పూర్ గాలివాటం:

గాలి లేనప్పుడు ఫ్లేర్ పూర్తిగా, చివరి దాకా లాగాలి. పాదాలు తగిలాక ఆగిపోకుండా నాలుగైదు అడుగులు పరుగెత్తాలి. బ్రేకులు వదలకూడదు, వదిలితే వింగ్ తల మీదుగా ముందుకు వచ్చేస్తుంది. గాలి బాగా ఉన్న రోజు దీనికి విరుద్ధం: కొంచెం ఫ్లేర్ చాలు, దిగగానే వింగ్ వైపు తిరిగి వెనక రైజర్లు (వింగ్ తాళ్ళను సీటుకు కలిపే పట్టీలు) లాగి దాన్ని పడగొట్టాలి. లేకపోతే మనిషిని వెనక్కి ఈడ్చుకుపోతుంది.

ఇవన్నీ మోటారు బరువు మోస్తూ నేర్చుకోవలసినవి కావు. కొన్నాళ్ళు వింగ్ ఒక్కటే తగిలించుకుని మైదానంలో కైటింగ్, అంటే నేల మీదే నిలబడి వింగ్‌ను గాలిలో నిలపడం, చేయమనండి. బ్రేకు ఒక బెత్తెడు కదిపితే వింగ్ ఏం చేస్తుందో చేతులకు తెలియాలి. ఆదివారాలు నేను ఊరి బయట మైదానంలో ఉంటాను. మీరిద్దరూ రండి, దూరం ఎంతో లేదు.

రాజురా నేల:

తప్పకుండా వస్తాం. మోటారు తీసుకురావాలా?

బల్లార్‌పూర్ గాలివాటం:

వద్దు. వింగ్, హార్నెస్, హెల్మెట్, చేతి తొడుగులు చాలు. ఆరున్నరకల్లా మైదానంలో ఉండండి, ఎండ ముదరక ముందే ముగిస్తాం. వీలైతే అమ్మగారిని కూడా తీసుకురండి.