అప్‌డేట్: రాణి మళ్లీ నడుస్తోంది

మూడు నెలలు కొట్టంలోనే ఉన్న మా గుర్రం రాణిని తిరిగి ఎలా నడిపించాలని అడిగాను కదా, మీరు చెప్పినట్టే చేశాను. నాలుగు వారాలు నడకే. రోజుకు 15 నిమిషాలతో మొదలుపెట్టి 40 దాకా వచ్చాం. విశాఖ ఆర్కే బీచ్‌లో పొడి ఇసుక జోలికి పోకుండా, తడిసి గట్టిపడిన చోటే.

ఊపిరి, కండబలం త్వరగా వచ్చేస్తాయి, టెండన్లకు (కండను ఎముకకు కలిపే పట్టీలు), ఎముకలకు నెలలు పడుతుందన్న మాటే నన్ను ఆపింది. లేకపోతే దాని హుషారు చూసి రెండో వారమే పరిగెత్తించేవాడిని.

రోజూ పొద్దున్నే కాళ్లు తడిమి చూస్తున్నాను. ఒకరోజు ముందుకాలు వెచ్చగా తగిలింది, లోపల దెబ్బ తగిలిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. పశువుల డాక్టర్‌గారు చూసి కొన్నాళ్లు ఆపమన్నారు, తగ్గింది.

ఇప్పుడు మధ్యమధ్యలో రెండేసి నిమిషాలు ట్రాట్ (నెమ్మది పరుగు). మన ఉక్కపోతకి ఎండ ఎక్కకముందే ముగిస్తాం. ఆగిన పది నిమిషాలకు గుండె వేగం నిమిషానికి 60 లోపు దిగుతోంది. దాణా ఇంకా పెంచలేదు, ఎవరినీ ఎక్కించలేదు.