దైవనామాలన్నిటికీ అర్థం ఒక్కటేనా?

హన్మకొండ పాఠకుడు:
మా కాలనీలో జరగబోయే సర్వమత ప్రార్థన సభకు ఆహ్వాన పత్రిక సిద్ధమవుతున్నది. దాని పైభాగాన "ఈశ్వరుడన్నా, అల్లాహ్ అన్నా, యెహోవా అన్నా అర్థం ఒక్కటే" అనే వాక్యం వేయాలని కమిటీ పెద్దలు అనుకుంటున్నారు. వారి సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు గాని, ఆ వాక్యం నిజం కాదు కాబట్టి అచ్చు వేయకూడదని నా వాదన. ఈశ్వర శబ్దంలో ఉన్నది ఏలడం, అధికారం. దేవ శబ్దంలో ఉన్నది వెలుగు. యెహోవా అనే హీబ్రూ నామానికి మూలం 'ఉండు' అనే క్రియ అని బైబిలే సూచిస్తుంది. మోషే దేవుని పేరు అడిగినప్పుడు వచ్చిన జవాబు 'ఉన్నవాడను' అనే. ఇక అల్లాహ్ అనేది 'ఇలాహ్' అనే సామాన్య పదానికి ముందు 'అల్' చేరి ఏర్పడిందని, ఆరాధింపదగిన ఆ ఒక్కడు అని దాని భావమని ఎక్కువమంది భాషావేత్తలు చెబుతారు. ఇవన్నీ ఒకే పరతత్త్వాన్ని చూపుతున్నాయా అన్నది వేదాంతులు తేల్చవలసిన ప్రశ్న. అర్థాలు ఒకటి కావన్నది మాత్రం నిఘంటువు తిరగేసిన వారెవరైనా చెప్పగలరు. ఒకే ధాతువు నుంచి పుట్టినంత మాత్రాన కూడా భరోసా లేదు: మన 'దేవ' శబ్దానికి తోబుట్టువైన అవెస్తా పదం 'దఏవ' జరతుష్ట్ర మతస్థులకు కొలవకూడని దుష్టశక్తి.

పాలకుర్తి వాసి:
హన్మకొండ సార్, ధాతువులు తవ్వితే వ్యుత్పత్తి దొరుకుతుందే తప్ప అర్థం దొరకదు. 'ఈశ్వరా' అని కష్టంలో పిలిచేవాడు ఆ క్షణాన అధికారం గురించి ఆలోచించడు కదా. ఋగ్వేదం మొదటి మండలంలోని 164వ సూక్తం ఇంద్రుడు, మిత్రుడు, వరుణుడు, అగ్ని అని వరుసగా పేర్లు చెప్పి, ఉన్నది ఒక్కటేనని, విజ్ఞులు దానిని పలు విధాలుగా పిలుస్తారని తేల్చింది. మా పక్క బమ్మెర పోతన గజేంద్రుడి చేత ఏమనిపించాడో గుర్తు చేసుకోండి: ఈ జగత్తు ఎవని వలన పుట్టి, ఎవనిలో ఉండి, ఎవనిలో లీనమవుతుందో వానిని శరణు వేడుతున్నానన్నాడే గాని పేరు పలకలేదు. మీ ఊళ్లోనే 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో శివునికి, విష్ణువుకు, సూర్యునికి ఒకే కట్టడంలో మూడు గర్భాలయాలున్నాయి. కమిటీ పెద్దలు కొత్తగా చెబుతున్నదేమీ లేదు.

ఖాజీపేట నుంచి:
ఇద్దరికీ నమస్కారం. అల్లాహ్ అనే మాట ముస్లింలది మాత్రమే అన్నట్టుగా చర్చ సాగడం నాకు సరిగా తోచలేదు. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు కూడా తమ బైబిల్లో, ప్రార్థనల్లో ఆ మాటనే వాడతారు. మలేషియాలో ఒక కాథలిక్ పత్రిక ఆ పదం వాడవచ్చునా అన్న వివాదం ఏళ్ల తరబడి నడిచి, 2014లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ పత్రికకు అప్పీలు అనుమతి నిరాకరించేదాకా వెళ్లింది. అరబ్బు దేశాల్లో ప్రశ్నే కాని విషయం అక్కడ వ్యాజ్యమైంది. మా ఇళ్లలో ఫార్సీ నుంచి వచ్చిన 'ఖుదా' అనే మాట ఎన్నో తరాలుగా ఉంది. పెద్దవాళ్లు 'ఖుదా హాఫిజ్' అని సాగనంపేవారు. ఇప్పటి పిల్లలు చాలామంది 'అల్లాహ్ హాఫిజ్' అంటున్నారు. ఒకే మతంలో, ఒకే ఇంట్లో కూడా ఏ పేరు సరైనదన్న పట్టింపు మారుతూ వస్తున్నదని దీని వల్ల తెలుస్తుంది. ఆహ్వాన పత్రికలోని వాక్యం ఉన్నా నాకు అభ్యంతరం లేదు, తీసేసినా లేదు.

డోర్నకల్ విశ్వాసి:
నాకు అభ్యంతరం ఉంది, కారణం చెబుతాను. హీబ్రూలో ఆ నామానికి ఉన్నవి నాలుగు హల్లులే. యూదులు దానిని పలకరు. చదివేటప్పుడు ఆ చోట 'అదోనాయ్', అంటే ప్రభువు, అంటారు. ఆ సంగతి గుర్తుండడానికి లేఖకులు ఆ హల్లులకు అదోనాయ్ తాలూకు అచ్చు గుర్తులు పెట్టారు. తరువాతి కాలంలో ఐరోపావారు రెండింటినీ కలిపి చదవడం వల్ల యెహోవా అనే రూపం వచ్చింది. అసలు ఉచ్చారణ 'యాహ్వే' కావచ్చునని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. మన తెలుగు బైబిల్ యెహోవా అనే రూపాన్నే నిలుపుకుంది, మాకు అది ప్రియమైన నామమే. అయితే పలకడానికే యూదులు జంకిన పేరును తెచ్చి, దాని అర్థం ఇదేనని ఒక పత్రికలో తేల్చేయడం తొందరపాటు. ఇటువంటి తొందర మా మిషనరీలకూ తప్పలేదు. ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాను చేరి, దేవునికి అక్కడి మాటగా మొదట 'దైనిచి' అన్నాడు. అది మహావైరోచన బుద్ధుని పేరని తెలిశాక దానిని విడిచి, లాటిన్ మాట 'దేవుస్'నే వాడాడు. (ఆ దేవుస్ మన దేవ శబ్దానికి చుట్టమే కావడం వేరే ముచ్చట.) పత్రికలో కేవలం 'దేవుడు' అని వేస్తే సరిపోతుంది.

ఉట్నూరు ఉపాధ్యాయుడు:
'దేవుడు' అంటే సరిపోతుందన్నారు; ఎవరికి సరిపోతుందో కూడా చూడాలి. గోండీలో దైవాన్ని 'పేన్' అంటారు, ప్రతి వంశానికీ తనదైన పెర్సాపేన్, అంటే పెద్దదేవుడు, ఉంటాడు. ఇనుప బల్లెపు మొన, చామరం ఆయన గుర్తులు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచేది మెస్రం వంశీయులు. గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి అభిషేకించే హక్కు, బాధ్యత వారివే. పేన్ అనే మాటలో వంశం ఉంది, బంధుత్వం ఉంది, ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చునన్న కట్టుబాటు ఉంది. బడిలో చదువుకున్న మా పిల్లలకు 'పేన్ అంటే దేవుడే, అర్థం ఒక్కటే' అని చెప్పడం సులువు. అలా చెప్పిన ప్రతిసారీ నిలిచేది పెద్ద భాష మాటే, జారిపోయేది చిన్న భాష మాటే. దేవుడు అన్న మాటను పేన్ అని మార్చమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

హన్మకొండ పాఠకుడు:
ఉట్నూరు సార్ మాట నా వాదన కన్నా ముందుకు వెళ్లింది. నేను నిఘంటువు దగ్గర ఆగాను, ఆయన ఆ మాటతో నడిచే జీవితాన్ని చూపారు. పాలకుర్తి గారికి మాత్రం ఒక జవాబు బాకీ ఉన్నాను. గజేంద్రుడు పేరు పలకలేదన్నది నిజమే. ఆ తరువాత జరిగినదీ పోతనే చెప్పాడు: తమకు విశ్వమయత లేదు గనుక బ్రహ్మాదులు విని కూడా ఊరకున్నారు, వచ్చినవాడు విష్ణువు. పేరులేని పిలుపుకు కూడా పేరున్న దేవుడే పలికాడు. పోనీ, మీ పాలకుర్తి సోమనాథుడినే అడుగుదాం. శివనామం పక్కన ఇంకొక పేరు పెట్టి రెండూ సమానమంటే ఆ వీరశైవుడు ఒప్పుకునేవాడా? మూడు పేర్లనూ ఉంచి, 'అర్థం ఒక్కటే' అన్న మాటలు మాత్రం తొలగించాలని నా ప్రతిపాదన.

పాలకుర్తి వాసి:
సోమనాథుడు ఒప్పుకోడు, సరే. అయితే ఆ మాటలు తీసేస్తే మిగిలేది వాక్యం కాదు, జాబితా. జాబితా అన్నాక అందులో లేనివారు మా పేరేదని తప్పక అడుగుతారు.

హన్మకొండ పాఠకుడు:
అడగాలి కూడా. ఇక్కడి హాస్టళ్లలో ఉండి చదువుకునే గోండు విద్యార్థులు ఆ సభకు వస్తారు కాబట్టి, పేన్ అనే మాటను కూడా చేర్చమని అచ్చుకు పోకముందే కమిటీకి రాసి ఇస్తున్నాను. ఆ పదాన్ని గోండీలో ఎలా రాయాలో ఉట్నూరు సార్ పంపగలరా?