కొవ్వులో ‘నరాలు’ అంటే చదివేవాళ్లకి ఏం అర్థమవుతుంది?

అందరికీ నమస్కారం. ఊబకాయం మీద ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను. అందులో ఈ వాక్యం ఉంది: ‘స్థూలకాయుల్లో నరాల పక్కన చేరిన స్థూలభక్షక కణాలు కొవ్వును కరగనివ్వవు.’ చదివినవాళ్లు నరాలంటే రక్తం పారేవనుకున్నారు, స్థూలభక్షకాలంటే కొవ్వు తినేవనుకున్నారు. ఎలా మార్చమంటారు?

– నరం సంగతి చెబుతానండి. సెలైన్ పెట్టే సిస్టర్ మోచేతి దగ్గర తట్టి చూసి ‘నరం దొరకట్లేదు’ అంటుంది. అది సిర. నరాల డాక్టరు చూసేది వేరు. వాడుకలో రెండర్థాలూ గట్టిగానే ఉన్నాయి. మొదటిసారి ‘మెదడు నుంచి కబురు తెచ్చే నరాలు’ అని విడమరిస్తే, ఆ తర్వాత ఉత్త నరం చాలు. నాడి అని మాత్రం మార్చకండి, చెయ్యి పట్టుకుని చూసే నాడి అనుకుంటారు.

– స్థూలభక్షకం ఇంకా ప్రమాదం మేడమ్. స్థూలకాయం పక్కన పెడితే ఎవరైనా అలాగే చదువుతారు. జరిగేది దానికి పూర్తిగా వేరు. కొవ్వులోకి వెళ్లే సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా పనిచేసేవి) చివర్ల నుంచి నార్అడ్రినలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది తగిలితే కొవ్వు కణం తన నిల్వను కరిగించి ఫ్యాటీ ఆమ్లాలుగా వదులుతుంది. ఆ నరాలనే అంటిపెట్టుకుని కొన్ని మాక్రోఫేజ్‌లు (మీరు స్థూలభక్షకాలన్నవి ఇవే) ఉంటాయని, అవి నార్అడ్రినలిన్‌ను లోపలికి లాక్కుని ఒక ఎంజైముతో విరగ్గొట్టేస్తాయని శాస్త్రవేత్త ఆనా డొమింగోస్ బృందం 2017లో చూపించింది. లావెక్కిన ఎలుకల్లో ఇవి ఎక్కువ. లాక్కునే ఆ ద్వారం లేకుండా చేస్తే ఎలుకలు బరువు తగ్గాయి. అంటే ఇవి తినేది కొవ్వును కాదు, కొవ్వు కరిగించమని వచ్చే కబురును! మాక్రోఫేజ్ అనే రాసి, రోగనిరోధక కణమని ఒక్కసారి చెప్పండి. తిండి మీద అదుపు లేదని లావుగా ఉన్నవాళ్లను ఊరికే తిట్టే మన జనానికి ఈ సంగతి తెలియాలి.

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: ‘స్థూలకాయుల్లో, కొవ్వు కరిగించమని మెదడు నుంచి నరాలు తెచ్చే కబురును మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు దారిలోనే మింగేస్తాయి.’

– చాలా బాగుంది. ‘స్థూలకాయుల్లో’ తీసేసి ‘లావెక్కిన ఎలుకల్లో’ అనండి. మనుషుల నరాల దగ్గరా ఇలాంటి కణాలు కనిపించాయి గానీ, బరువు తగ్గింది ఎలుకలే.