కుడి చెవి పోయాక హారన్ ఎటు నుంచి వస్తుందో తెలియడం లేదు, ఎందుకని?

ఆటోనగర్ టింకర్, విజయవాడ:

లారీ బాడీలు కట్టే షెడ్డులో ఇరవై రెండేళ్లుగా టింకరింగ్ పని నాది. కిందటేడు దసరాల్లో ఒక రోజు పొద్దున్నే లేచేసరికి కుడి చెవి మూసుకుపోయినట్టు ఉంది. లోపల ఒకటే హోరు. గులిమి అనుకుని కొబ్బరినూనె వేసుకుంటూ నెల రోజులు గడిపేశాను. చివరికి చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే, లోపలి నరం దెబ్బతింది, మొదటి వారంలోనే రావాల్సింది అన్నారు. స్కాన్‌లో గడ్డలేమీ లేవు. ఆ చెవి మాత్రం పూర్తిగా పోయింది.

ఎడమ చెవి బాగుంది. టీవీ సౌండ్ కూడా పెంచక్కర్లేదు. నా బాధ వేరే. బెంజి సర్కిల్ దగ్గర హారన్ గట్టిగానే వినపడుతుంది, ఎటు నుంచో తెలియదు. ప్రతి చప్పుడూ ఎడమ పక్కనే ఉన్నట్టుంటుంది. మొన్న అలాగే ఎడమకి చూసుకుని అడుగు వేశాను, బస్సు కుడి నుంచి వచ్చింది. పక్కనున్న పూలమ్మే ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది. షెడ్డులో కుర్రాళ్లు ‘అన్నా’ అని పిలిస్తే లారీ చుట్టూ తిరిగి వెతుక్కుంటున్నాను. అన్నీ వినపడుతున్నప్పుడు దిక్కు ఒక్కటే ఎందుకు పోయింది? మళ్లీ వస్తుందా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

తమ్ముడూ, నాకు డెబ్బై దాటాయి, నువ్వు అనే అంటాను. చాలా ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పాను. చప్పుడుని పట్టేది చెవి, దిక్కుని లెక్కగట్టేది మెదడు. ఆ లెక్కకి రెండు చెవులూ కావాలి.

గాలిలో ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. కుడి పక్క హారన్ కొడితే కుడి చెవికి ముందు చేరి, తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం ఎక్కువలో ఎక్కువ సెకనులో 1,500వ వంతు. ఎదురుగా ఉన్న చప్పుడు ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే వచ్చే తేడా సెకనులో దాదాపు లక్షో వంతు, దాన్ని కూడా మెదడు పసిగడుతుంది! ఎన్ని బ్యాచ్‌లకి చెప్పినా ఈ అంకె దగ్గర నాకు ఒళ్లు పులకరించేది.

ఇది బొంగురు మోతల సంగతి. కీచు చప్పుళ్ల అలలు తల వెడల్పు కంటే పొట్టివి కాబట్టి తలే వాటికి అడ్డుగోడ అవుతుంది, అవతలి చెవికి తక్కువగా వినిపిస్తాయి. ఈ రెండు దారులనీ కలిపి 1907లో లార్డ్ రేలీ వివరించాడు. నీకు పోల్చుకోవడానికి రెండో చెవి లేదు, అందుకే అన్నీ ఎడమ పక్కనే ఉన్నట్టుంటాయి.

మూడో దారి ఒకటుంది. చెవి డొప్పలోని మడతలు. పై నుంచి వచ్చే చప్పుడు, వెనక నుంచి వచ్చేది ఆ మడతల్లో తలో రకంగా తగిలి కొద్దిగా తీరు మారతాయి. మా పిల్లల చెవి మడతల్లో చపాతీ పిండి అద్ది, కళ్లు మూయించి, తాళాల గుత్తి ఆడించేవాణ్ణి. నెత్తి మీద ఆడిస్తే ఎదురుగా ఉందనేవారు. 1998లో నెదర్లాండ్స్‌లో ఇలాగే డొప్పల్లో అచ్చులు పెట్టి కొందరిని వారాల తరబడి తిరగనిచ్చారు. మొదట పైకీ కిందకీ తేడా తెలియలేదు, కొన్ని వారాలకి మెదడు కొత్త డొప్పని నేర్చేసుకుంది. నీకూ వినపడే చెవికి ఒక డొప్ప ఉంది కదా, సాధన చేస్తే దాని తేడాలు కొంత పట్టుకోవచ్చు.

వినికిడి పరీక్షలు చేస్తాను, విజయవాడ:

అన్నయ్యా, ఇది చదివే మిగతావాళ్ల కోసం ముందు ఒక మాట. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే అది ఎమర్జెన్సీ. తొలి రోజుల్లో స్టెరాయిడ్ మందులు మొదలుపెడితే కొంతమందికి వినికిడి తిరిగి వస్తుంది. నూనె పోసుకుంటూ కూర్చోవద్దు.

వినపడని చెవి దగ్గర మైకు పెట్టి, ఆ శబ్దాన్ని బాగున్న చెవికి పంపే మెషీన్లు ఉన్నాయి. కుడి పక్క మనిషి మాట అందుతుంది గానీ చేరేది ఒక్క చెవికే కాబట్టి దిక్కు తెలియదు. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌తో కొంత దిక్కు తెలుస్తుంది, ఖర్చు ఎక్కువ. నాకు అసలు భయం మీ ఎడమ చెవి గురించి. లోపల చప్పుడుని పట్టే రోమకణాలు ఒకసారి చస్తే మనిషికి మళ్లీ మొలవవు. రోజుకి ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటితే చాలు, ప్రమాదమే, గ్రైండర్ మోత అంతకంటే ఎక్కువే. చెవి మూతలు పెట్టుకోండి.

కృష్ణలంక నుంచి:

చిన్నప్పుడు గవదబిళ్లలొచ్చి నాకూ ఒక చెవి పోయింది బాబూ. రోడ్డు మీద హారన్ వినపడితే నేను నిలబడిపోయి తల అటూ ఇటూ తిప్పుతాను, బాగున్న చెవి ఎటు తిరిగినప్పుడు మోత పెరుగుతుందో హారన్ అటు. మన దగ్గర రోడ్డు మీదికి దిగగానే బండ్లు వచ్చేది కుడి నుంచే, నీకు పోయింది ఆ చెవే. కుడికి కళ్లతో చూడకుండా అడుగు వేయకు.

ఆటోనగర్ టింకర్:

మాస్టారూ, మీరు చెప్పాక మా పాప రోజూ రాత్రి నన్ను కళ్లు మూసుకోమని, స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతూ నా చుట్టూ తిరుగుతోంది. మొదటి రోజు పదిసార్లకి రెండే సరిగ్గా చెప్పాను. నిన్న ఐదు. గ్లాసు కుడి వైపు ఉంటే ఆ చప్పుడు గుడ్డ కప్పినట్టు మొద్దుగా ఉంటోంది, ఎడమకి వచ్చేసరికి పదునెక్కుతోంది. ఇన్నాళ్లూ నేను గమనించలేదు. కానీ తెలియని చప్పుడైతే ఇంకా దొరకడం లేదు, కృష్ణలంక అమ్మ చెప్పినట్టు కుడికి చూసుకునే రోడ్డు దాటుతున్నాను. చెవి మూతలు రెండు జతలు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి గ్రైండింగ్ పట్టే కుర్రాడికి.