మన ఉన్నత పాఠశాలలో స్కౌట్ దళం పెట్టాలా, వద్దా?

డిండి ఒడ్డు: దేవరకొండ దగ్గర మా బడిలో స్కౌట్ దళం పెడదామని ప్రధానోపాధ్యాయుడు అంటున్నారు. శనివారం తల్లిదండ్రుల సమావేశం. ఏమంటారు?

మిర్యాలగూడ తండ్రి: వద్దు. మా పెద్దవాడు మూడేళ్లు స్కౌట్‌లో ఉండి నేర్చుకున్నది ఒకటే, అతిథుల కార్లు వచ్చేదాకా ఎండలో వరుసగా నిలబడటం. ఒకసారి రెండున్నర గంటలు. నీళ్ల సీసాల పెట్టెలు మోసింది వాడే, దాహంతో ఇంటికొచ్చిందీ వాడే.

పాలమూరు మాస్టారు: అది స్కౌటింగే కాదండీ. 1907లో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవికి ఇరవై మంది పిల్లలను తీసుకెళ్లాడు. డబ్బున్నవాళ్ల పిల్లలు, కూలీల పిల్లలు కలిసి గుడారాల్లో ఉన్నారు. నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక పిల్లవాడినే నాయకుణ్ణి చేశాడు. స్కౌట్‌లో పెట్రోల్ అంటే ఇలాంటి చిన్న జట్టు, ఈనాటికీ పద్ధతి అదే. మా పిల్లలు మూడు రాళ్ల పొయ్యి మీద మొదటిసారి వండిన అన్నం అడుగు మాడింది, పైన పలుకు. అదే తిన్నారు. మర్నాడు కట్టెలు వెనక్కి లాగి మంట తగ్గించాలని వాళ్లకే తోచింది. నేను నోరు విప్పలేదు.

దేవరకొండ అమ్మ: యూనిఫాం, స్కార్ఫు ఖర్చు ఎవరిది?

హాలియా యువకుడు: ఈ రోజుల్లో తాళ్లకు ముడులు వేయడం దేనికి?

పాలమూరు మాస్టారు: బావిలో పడ్డవాడి నడుముకు బోలైన్ ముడి వేస్తే లాగినా బిగుసుకోదు. మన చేలల్లో గట్టు లేని బావులు తక్కువా?

మిర్యాలగూడ తండ్రి: ముడుల మాట నేనెత్తలేదు. మొదట్లో మన భారతీయ పిల్లలను చేర్చుకోని ఉద్యమం ఇది. ‘ప్రశ్నించకుండా ఆజ్ఞ పాటించాలి’ అన్నది దాని నియమం.

పాలమూరు మాస్టారు: చేర్చుకోని మాట నిజమే. అందుకే 1916లో అనీ బిసెంట్ మద్రాసులో మన పిల్లల కోసం వేరే సంస్థ పెట్టారు. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మన నియమాల్లో ఉన్నది ‘క్రమశిక్షణ’. ‘ఆజ్ఞ’ అన్న మాట లేదు. చదవకుండా రాయకండి.

మిర్యాలగూడ తండ్రి: మాట మారితే మనిషి మారతాడా? మీ దళంలో ‘ఈ పని నేను చేయను’ అన్న పిల్లవాడు ఒక్కడైనా ఉన్నాడా? అన్నవాణ్ణి మీరు ఏం చేశారు? నేను అడుగుతున్నది మొదటినుంచీ ఇదే!

పాలమూరు మాస్టారు: ఉన్నాడు. 2016 కృష్ణా పుష్కరాలు, బీచుపల్లి ఘాటు. తెల్లవారుజాము నుంచి ముసలివాళ్ల సంచులు మోశాడు. మధ్యాహ్నం ‘చేతులు నొస్తున్నాయి సార్, ఇక మోయను’ అన్నాడు. అందరి ముందూ వాడి మెడలో స్కార్ఫు తీసేశాను. మళ్లీ దళంలోకి రాలేదు. తప్పు నాది. అయినా దళం పెట్టాలనే అంటాను.

మిర్యాలగూడ తండ్రి: ఒప్పుకున్నారు, సంతోషం. ‘చేయను’ అనే హక్కు పిల్లలకు ఉంటుందని ముందే రాసిపెట్టమనండి. అందాకా మా చిన్నవాణ్ణి ఎక్కడా చేర్చను.

దేవరకొండ అమ్మ: ఖర్చు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ బడిలో మా పిల్లలు ఇద్దరు.