టెండర్ అయిపోయిందని గేటు బయట పెట్టారు: గనుల్లో కాంట్రాక్టు కార్మికుల కేసులు, మీ అనుభవాలు చెప్పండి

బంకర్_తమ్ముడు:
తొమ్మిదేళ్లుగా సీహెచ్‌పీలో (గని బొగ్గును లారీలకు, రైళ్లకు ఎక్కించే ప్లాంట్) బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తిపోస్తున్నాను. ఈలోగా ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు, పార మాత్రం అదే. పోయిన నెల ఒకటో తారీఖు మొదటి షిఫ్ట్‌కి వెళ్తే, గేటు దగ్గర సెక్యూరిటీ అతను "నీ పేరు కొత్త లిస్టులో లేదు తమ్మీ" అని పాస్ తీసేసుకున్నాడు. నోటీసూ లేదు, మాటా లేదు. మొత్తం 14 మందిమి. యూనియన్ వాళ్లు కేసు వేద్దామంటున్నారు. కంపెనీ ప్రభుత్వానిది. అట్లాంటి కంపెనీ మీద గెలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో ఒకటే టెన్షన్.

పిట్_సెక్రటరీ_రిటైర్డ్:
ఉన్నారు తమ్మీ. ఒడిశాలో బ్రజరాజ్‌నగర్ కేసు చూడు. అవతల మహానది కోల్‌ఫీల్డ్స్, కోల్ ఇండియా కింది కంపెనీ. ఇంచుమించు నీ పనే వాళ్లదీ: బంకర్ (బొగ్గు నిల్వ చేసే పెద్ద తొట్టి) కింద, రైల్వే సైడింగ్‌లో రాలిన బొగ్గు ఎత్తడం, బొగ్గు జారే చూట్లు నడపడం. నిత్యం ఉండే పనికి కాంట్రాక్టు మనుషులను పెట్టకూడదని బొగ్గు వేతన ఒప్పందంలో ఉంది, యూనియన్ దాన్నే పట్టుకుంది. 1997లో రాజీ కుదిరితే 32 మందిలో 19 మందినే పర్మనెంట్ చేశారు. మిగతా 13 మందిది అప్పుడప్పుడు పడే పని అన్నారు. రాలిన బొగ్గు ఎక్కడిదైనా రాలిన బొగ్గే కదా! 2002లో ట్రిబ్యునల్ (కార్మిక వివాదాలు తేల్చే కోర్టు) ఆ 13 మందికీ న్యాయం చేసింది. కంపెనీ హైకోర్టుకు పోయి ఓడింది, సుప్రీంకోర్టుకు పోయి 2024 మార్చిలో అక్కడా ఓడింది. 2002 నుంచి బ్యాక్ వేజెస్, అంటే రావలసిన పాత జీతం కూడా ఇవ్వమన్నారు.

రెండో_షిఫ్ట్:
2002 నుంచి 2024. నాకైతే ఆ 22 ఏళ్లే కనబడుతున్నాయి అన్నా.
మా బాబాయి కేసు అంత దూరం కూడా పోలేదు. ఓపెన్‌కాస్ట్‌లో ఆరేళ్లు వాటర్ ట్యాంకర్ మీద చేశాడు. జీతం కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు, సంతకాల పుస్తకం కాంట్రాక్టర్ బండిలోనే ఉండేది. "ఈయన గనిలో పనిచేశాడని ఒక్క కాగితం చూపించండి" అని అవతలి లాయర్ అడిగితే, మా బాబాయి దగ్గర దసరాకి ఇచ్చిన స్వీట్ డబ్బా తప్ప ఏమీ లేదు. నవ్వొస్తుంది గానీ, ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

లేబర్_కేసులు_చూస్తా:
బంకర్ గారూ, "టెండర్ ముగించడం చెల్లదు" అని మాత్రం వేయకండి. టెండర్ కంపెనీకీ కాంట్రాక్టర్‌కీ మధ్యది, అందులో మీ సంతకం లేదు. 2001లో సెయిల్ (ప్రభుత్వ ఉక్కు కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఏం చెప్పిందంటే, ప్రభుత్వం ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా కార్మికులు దానంతటదే కంపెనీ ఉద్యోగులైపోరు. 1996 నాటి ఎయిర్ ఇండియా తీర్పు అవుతారంది, దాన్ని కొట్టేశారు. కాకపోతే ఒక దారి వదిలారు. కాంట్రాక్టర్ ఉత్త బినామీ, నడిపించేదంతా కంపెనీయే అని ట్రిబ్యునల్‌లో రుజువు చేస్తే మీరు కంపెనీ మనుషులే.
అందుకే అడుగుతున్నా: రోజూ పని చెప్పింది ఎవరు? కాంట్రాక్టర్ సూపర్‌వైజరా, కంపెనీ ఓవర్‌మనా? సెలవు ఎవరిని అడిగేవారు? ఇంకోటి, బొగ్గు గనులు కేంద్ర లేబర్ కమిషనర్ పరిధి. రాష్ట్ర లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోవద్దు. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి గడువు ఎంతుందో యూనియన్ లాయర్‌ను ముందు కనుక్కోండి.

బంకర్_తమ్ముడు:
పని చెప్పింది కంపెనీ ఫోర్‌మనే సార్. సెలవూ ఆయన్నే అడిగేవాళ్లం. రాత్రి మా ఆవిడ ట్రంకు పెట్టె బోర్లించింది. వీటీసీ (గని పని ట్రైనింగ్) సర్టిఫికెట్, 31 పే స్లిప్పులు, పాత పాసులు రెండు దొరికాయి. ఒక పాస్ మీద మా ఇంటిపేరు తప్పు పడింది. అది పనికొస్తుందా?

పిట్_సెక్రటరీ_రిటైర్డ్:
స్లిప్పుల మీద సీఎంపీఎఫ్, అదే బొగ్గు గనుల పీఎఫ్ నంబరు ఒకటేనా?

బంకర్_తమ్ముడు:
ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గరా ఒకటే అన్నా.

పిట్_సెక్రటరీ_రిటైర్డ్:
అయితే ఆ పాస్ కూడా తీసుకురా. మిగతా 13 మందినీ వాళ్ల పెట్టెలు వెతకమను.