సామ్రాజ్యం పెరుగుతూ పోవడానికి డబ్బు ఎక్కడిది? పాలనలోకి వచ్చిన జనానికి ఏం మారింది?

ప్రశ్న: జమాఖర్చు

పాఠ్యపుస్తకాల్లో సామ్రాజ్య విస్తరణ అంటే యుద్ధాల పట్టికే. ఫలానా ఏడు, ఫలానా చోట గెలిచారు, అంతే. నా సందేహం ఆ తర్వాతి సంగతి. గెలిచిన సైన్యానికి నెలనెలా జీతం ఇవ్వాలి, తిండి పెట్టాలి. దూరం పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. మామూలు లెక్కన ఎక్కడో ఒకచోట దివాళా తీసి ఆగిపోవాలి. కానీ రోమ్ వందల ఏళ్ళు పెరుగుతూనే పోయింది, ఈస్టిండియా కంపెనీ కూడా దాదాపు వందేళ్ళు. ఆ డబ్బు ఎవరిది? పాలనలోకి వచ్చిన ఊళ్ళలో నిజంగా ఏం మారింది? "విభజించి పాలించారు", "రోడ్లు వేశారు" అనే జవాబులు చాలా చదివాను. పద్ధతి ఎలా నడిచిందో చెప్పగలిగితే మేలు.

జవాబు: దస్త్రాల పురుగు

ఖర్చు ఓడినవాడిది. చాలాసార్లు, ఇంకా ఓడనివాడిది కూడా. కంపెనీ సైన్య సహకార పద్ధతిలో, అంటే రాజు ఖర్చు మీద కంపెనీ సేనను అతని రాజ్యంలో ఉంచే ఏర్పాటులో, ఇది బాగా కనిపిస్తుంది.

1798 సెప్టెంబరులో కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లస్లీ నిజాంతో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం హైదరాబాదులో కంపెనీ దళాలు ఆరు పటాలాలు ఉంటాయి. వాటి ఖర్చు కింద నిజాం ఏడాదికి 24 లక్షల పైచిలుకు రూపాయలు కట్టాలి. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న తన సొంత దళాన్ని రద్దు చేయాలి. మరుసటి ఏడాది టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం మీదికి నడిచిన సేనలో ఈ పటాలాలూ ఉన్నాయి. అంటే కంపెనీ యుద్ధంలో కొంత భాగానికి జీతం నిజాం ఖజానాదే.

ఇందులో అసలు మెలిక గడువుల్లో ఉంది. సిపాయికి జీతం వేళకు, నగదుగా అందాలి. శిస్తు పంట చేతికొచ్చాక గానీ రాదు, వానలు ముఖం చాటేస్తే అదీ రాదు. కాబట్టి బకాయి పడటం ఖాయం. బకాయి తీర్చడానికి షావుకార్ల దగ్గర అప్పు, అప్పుకు తాలూకాల శిస్తు హామీ, చివరికి భూమే అప్పగింత. అవధ్ నవాబు 1801లో దాదాపు సగం రాజ్యం ఇలాగే వదులుకున్నాడు. నిజాం విషయంలో 1800లోనే నగదు బదులు శాశ్వతంగా నేలే తీసుకున్నారు. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో అతని వాటాకు వచ్చిన ప్రాంతమే అది. బళ్ళారి, కడపల దత్త మండలాలు ఇవే. తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చు మీద బ్రిటిష్ అధికారులు నడిపిన దళం) బకాయిల పేరుతో 1853లో బీరార్ (నేటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) పోయింది.

దర్బారులో వచ్చిన మార్పు మీద అంతగా చర్చ జరగదు. కాపలా కంపెనీది అయ్యాక రాజుకు సొంత సర్దార్లను మంచి చేసుకోవాల్సిన అవసరం తగ్గింది. దర్బారులో ఉండే కంపెనీ ప్రతినిధి రెసిడెంటు, అతని మనసు ఎరిగిన దివానుదే పెత్తనం.

జవాబు: పాత నాణెం

రోమ్ సంగతి నేను చెబుతాను. అక్కడ రెండు వేర్వేరు పద్ధతులు ఉన్నాయి, చాలామంది కలిపేస్తారు.

ఇటలీలో ఓడిన నగరాల నుంచి రోమ్ పన్ను తీసుకోలేదు, మనుషుల్ని తీసుకుంది. పిలుపు రాగానే ప్రతి మిత్ర నగరం తన కోటా సైనికులను పంపాలి, జీతం ఆ నగరమే ఇచ్చుకోవాలి, తిండిగింజలు మాత్రం రోమ్ ఇచ్చేది. దీంతో ఒక చిత్రమైన చిక్కు వచ్చింది. యుద్ధం లేని ఏడాది ఈ మిత్రుల వల్ల రోమ్‌కు ఒరిగేదేమీ లేదు. పొత్తు పనికిరావాలంటే ఏటా ఎక్కడో ఒకచోట దండయాత్ర ఉండాలి. విస్తరణ ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇటలీ దాటాక కావలసింది ధాన్యం, నగదు. సిసిలీలో పంటలో పదో వంతు. మాసిడోనియాను గెలిచాక క్రీ.పూ. 167లో కొల్ల ఎంత వచ్చిందంటే, రోమన్ పౌరుల మీద నేరుగా వేసే పన్నే నిలిపేశారు. ఇక వద్దనేవాడెవడు?

ఆసియా రాష్ట్రం (నేటి పశ్చిమ టర్కీ) కథ వేరు. క్రీ.పూ. 123లో గాయస్ గ్రాకస్ చట్టంతో అక్కడి పన్ను వసూలు హక్కును రోమ్‌లోనే వేలం వేయడం మొదలైంది, ఐదేళ్ళ గుత్త. వసూలు సిబ్బందిని పోషించే పని లేదు, ఎంత వస్తుందో ముందే తెలుసు, కాబట్టి ప్రభుత్వానికి హాయి. కానీ గడువు తీరాక ఆ ఊరు ఏమైపోయినా గుత్తేదారుకు పట్టదు. అధికారి ఎవరైనా అడ్డుపడితే రోమ్‌లో కేసు. అక్కడ తీర్పు చెప్పే జ్యూరీ గుత్తేదారుల వర్గమే. క్రీ.పూ. 92 ప్రాంతంలో రుటిలియస్ రూఫస్‌ను ఇలాగే దోపిడీ నేరం మోపి శిక్షించారు. ఆయన ప్రవాసానికి వెళ్ళింది, దోచుకున్నాడని చెప్పిన ఆ ఆసియా జనం దగ్గరికే!

క్రీ.పూ. 88లో రోమ్‌తో యుద్ధానికి దిగిన పాంటస్ రాజు మిత్రిడాటిస్ ఉత్తర్వు వేయగానే ఆసియా నగరాలు వేల సంఖ్యలో ఇటాలియన్లను చంపాయంటే ఈ నేపథ్యం వల్లే. శిక్షగా రోమన్ సేనాని సుల్లా 20,000 టాలెంట్ల (టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి) జరిమానా వేశాడు. నగరాలు గుడులు, నాటకశాలలు కుదువపెట్టి అప్పులు తెచ్చాయి. ప్రాచీన చరిత్రకారుల లెక్కలో ఆ మొత్తం రెండింతలు కట్టేసిన తర్వాత కూడా, వడ్డీతో 1,20,000కు చేరింది. తర్వాత మరో రోమన్ సేనాని లుకుల్లస్ నెలకు నూటికి ఒకటి మించి వడ్డీ వద్దన్నాడు. అసలును మించిన వడ్డీ రద్దు చేశాడు. అప్పులవాడి ఆదాయంలో నాలుగో వంతుకు మించి ముట్టుకోవద్దన్నాడు. నాలుగేళ్ళలోపే అప్పులు తీరాయి. ఈ పని చేసినందుకు రోమ్‌లో అతనికి శత్రువులు తయారయ్యారు.

జమాఖర్చు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. గుత్తేదారు పోటీలో ఎక్కువకు పాడేసి మునిగిపోతే ఏం చేసేవారు?

పాత నాణెం

ప్రభుత్వం దగ్గరికే వచ్చేవారు. క్రీ.పూ. 61లో ఆసియా గుత్తేదారులు పాట ఎక్కువైందని మొర పెట్టుకున్నారు. సెనేట్ నానబెట్టింది. 59లో సీజర్ మూడో వంతు తగ్గించాడు, ఇకపై ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాడమని హెచ్చరిస్తూనే. కొన్నేళ్ళకు అతనే ఆసియాలో నేరుగా పన్ను వసూలు చేసే పని వాళ్ళ చేతుల్లోంచి తీసి నగరాలకే అప్పగించాడు.

జవాబు: గట్టుమీద

మీ రెండో ప్రశ్నకు నా జవాబు: పాలకుడు దేన్ని లెక్కపెడతాడో జనం దాని చుట్టూ తిరిగి సర్దుకుంటారు. దీనికి పెరూను మించిన ఉదాహరణ లేదు.

ఇంకాలు ఇళ్ళను పది, వంద, వెయ్యి చొప్పున గుంపులు కట్టి, ముడుల తాళ్ళ మీద లెక్క ఉంచి, పన్నుగా శ్రమ తీసుకునేవారు. దాని పేరు మిత. స్పెయిన్ ఆ పేరునే ఉంచుకుని పని మార్చింది. 1570లలో వైస్రాయ్ టొలెడో చెదురుమదురు పల్లెలను ఎత్తేసి, జనాన్ని గళ్ళుగళ్ళుగా వీధులు వేసిన కొత్త ఊళ్ళలో పెట్టాడు. 18 నుంచి 50 ఏళ్ళ మగవాళ్ళ జాబితా రాయించాడు. 16 జిల్లాల నుంచి ఏటా ఏడో వంతు మంది, అంటే సుమారు 13,500 మంది, పొటోసి (నేటి బొలీవియాలో) వెండి గనులకు వెళ్ళాలి. ఒక వారం గనిలో, రెండు వారాలు విరామం, ఇదీ రాతలో ఉన్న లెక్క. పిలిపించే బాధ్యత ఊరిపెద్ద కురాకాది. తలలు తగ్గితే ఆ లోటు అతని నెత్తిమీదే.

తేడా ఎక్కడ కొట్టిందంటే, మిత బాధ్యత పుట్టిన ఊరితో ముడిపడి ఉంది. ఊరు వదిలి ఇంకోచోట చేరినవాణ్ణి ఫొరాస్టెరో, అంటే పరాయివాడు, అనేవారు. అతనికి మిత లేదు. దాంతో జనం పారిపోవడం మొదలైంది. జాబితా మాత్రం పాతదే, కోటాను వెంటనే తగ్గించరు. మిగిలినవాళ్ళకు ఏడేళ్ళకోసారి రావలసిన వంతు ముందే వచ్చేది, దాంతో వాళ్ళూ వెళ్ళిపోయేవారు. మనిషిని పంపలేని కురాకా బదులుగా వెండి కట్టేవాడు, గని యజమానుల్లో కొందరు పని మానేసి ఆ వెండితోనే బతికేశారు. బంధుత్వం మీద నిలిచిన ఐల్యు సమూహాలు ఇలా చీలిపోయాయి. భూమి ఉండి భారం మోసేవాళ్ళు ఒకవైపు, భూమి హక్కు లేకుండా భారం తప్పించుకున్నవాళ్ళు మరోవైపు. మితను చట్టరీత్యా రద్దు చేసింది 1812లో.

జవాబు: ఏడో మైలురాయి

"విభజించి పాలించడం" అన్న మాటను పూర్తిగా తీసిపారేయకండి, అదీ కాగితం మీద ఉన్న పద్ధతే. క్రీ.పూ. 338లో లాటిన్ నగరాల కూటమిని ఓడించాక, రోమ్ ఒక్కో నగరంతో విడివిడిగా ఒప్పందం రాసుకుంది. కొందరికి పూర్తి పౌరసత్వం, కొందరికి ఓటు లేని పౌరసత్వం. మిగతా లాటిన్ నగరాలు తమలో తాము పెళ్ళి సంబంధాలు, వ్యాపారం, ఉమ్మడి సభలు పెట్టుకోకూడదు. ప్రతివాడికీ దారి రోమ్ మీదుగానే, పక్కవాడికన్నా తన హోదా కాస్త మేలేమోనన్న ఆశ ఒకటి.

ఆ ఆశ తీరనప్పుడే పద్ధతి చెడింది. క్రీ.పూ. 91లో మిత్రులు తిరగబడి సొంత రాజధాని, సొంత నాణేలు పెట్టుకున్నారు. కొన్ని నాణేల మీద ఎద్దు (ఇటలీ గుర్తు) తోడేలును (రోమ్ గుర్తు) పొడుస్తూ ఉంటుంది. రోమ్ యుద్ధం చేస్తూనే మరుసటి ఏడాది, తిరగబడనివాళ్ళకు పౌరసత్వం ఇచ్చేసింది. ఇచ్చినా మొదట కొత్తవాళ్ళను కొద్ది ఓటు విభాగాల్లోనే కుక్కడంతో వాళ్ళ ఓటుకు విలువ లేకపోయింది. మొత్తం 35 విభాగాల్లోనూ చోటు కోసం రోమ్ వీధుల్లో మళ్ళీ నెత్తురు పారింది.